అమెరికాలో చమురు హక్కులు అమ్మాలంటే: ముందు కింద ఉన్న రాయిని చదవండి

మా బాబాయి పశ్చిమ టెక్సస్‌లోని ఒడెస్సాలో పాతికేళ్లకు పైగా డాక్టరుగా పనిచేశారు. 1986లో చమురు ధర కుప్పకూలాక అక్కడివాళ్లు ఉన్నవి అమ్ముకుంటున్న రోజుల్లో, మార్టిన్ కౌంటీలో ఒక రైతు కుటుంబం దగ్గర భూమి కింది ఖనిజాల్లో కొంత వాటా కొన్నారు. పైన నేల మాత్రం ఆ రైతుదే. ఆయన పోయాక పిన్ని ప్లేనోలో కొడుకు దగ్గరకు వచ్చేసింది. ఏడాది తిరగకుండానే ఒక కవరు వచ్చింది. అందులో మీ మినరల్ రైట్స్ కొంటామన్న ఉత్తరం, సంతకం పెట్టడానికి సిద్ధంగా ఒక డీడ్, దాంతోపాటు చెక్కులా కనిపించే డ్రాఫ్టు ఉన్నాయి. పిన్ని నోటరీ దగ్గరకు వెళ్లబోతూ నాకు ఫోన్ చేసింది. ఆ ఫోన్ రాకపోయి ఉంటే ఎంత పోయేదో తర్వాత నెలల తరబడి కాగితాలు తిరగేస్తే గాని తెలియలేదు.

అలాంటి కవరు మీకూ వచ్చిందా? ఈ పద్ధతిలో వెళ్లండి. ఉత్తరంలోని అంకెను కాసేపు పక్కన పెట్టేయండి.

మీ దగ్గర ఉన్నదేమిటో తేల్చుకోండి

మన దగ్గర కోనసీమలో కొబ్బరితోట పక్కనే ఓఎన్‌జీసీ రిగ్గు నిలబడుతుంది. రైతుకు పైన నేల వాడుకున్నందుకు పరిహారం వస్తుంది గాని, బావిలోంచి వచ్చే గ్యాస్ మీద రాయల్టీ ప్రభుత్వానికే పోతుంది. అమెరికాలో అలా కాదు. కింద ఉన్న చమురూ గ్యాసూ మామూలు మనిషి సొంత ఆస్తి కావచ్చు. పైన నేల ఒకరిది, కింద ఖనిజం ఇంకొకరిది కావచ్చు. టెక్సస్ చట్టంలో ఖనిజ హక్కుదే పైచేయి, అంటే చమురు తీయడానికి అవసరమైనంత మేర పైన నేలను వాడుకునే హక్కు దానితోపాటే వస్తుంది.

డల్లాస్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది ఇంటి కింద ఉన్నదీ తమదే అనుకుంటారు. బిల్డరో అంతకు ముందటి రైతో ఖనిజాలు తన దగ్గరే అట్టిపెట్టుకుని నేల మాత్రం అమ్మి ఉండొచ్చు. మీ డీడ్‌లో 'రిజర్వేషన్స్' అన్న చోట ఏం రాసుందో చూడండి. అక్కడ స్పష్టంగా లేకపోతే కౌంటీ క్లర్క్ ఆఫీసు రికార్డుల్లో పాత డీడ్‌లు ఒక్కొక్కటిగా వెనక్కి చదవాలి. ఈ పని చేసేవాళ్లను ల్యాండ్‌మ్యాన్ అంటారు, రోజు కూలీ లెక్కన తీసుకుంటారు.

వాటా చిన్నదైనా సరే, అది ఏ రకమో తెలుసుకోవాలి. పూర్తి మినరల్ ఇంట్రెస్ట్ అయితే కంపెనీకి లీజు ఇచ్చే అధికారం, లీజు బోనస్ (లీజు ఇచ్చినప్పుడు చేతికొచ్చే మొత్తం), రాయల్టీ మూడూ మీవే. కేవలం రాయల్టీ వాటా అయితే బావి నుంచి వచ్చే డబ్బులో భాగం ఉంటుంది గాని లీజు షరతుల్లో మీ మాట చెల్లదు. వర్కింగ్ ఇంట్రెస్ట్ అయితే ఖర్చులు కూడా మీ నెత్తినే పడతాయి. ఉత్తరం పంపినవాడు మీ దగ్గర ఏ రకం ఉందో ముందే రికార్డుల్లో చూసుకుని ఉంటాడు.

లీజు కాగితం కూడా వెతకండి. పిన్ని వాటాలో ఒక సెక్షన్ (అక్కడ భూమిని కొలిచి విడదీసిన చదరం) చాలా పాత లీజు కింద ఉంది. అప్పట్లో రాయల్టీ ఎనిమిదో వంతు. ఆ లీజు కింద వేసిన పాత నిలువు బావి ఒకటి ఇంకా రోజుకు కొద్ది బ్యారెళ్లు ఇస్తోంది. అది ఆగకుండా నడుస్తున్నంతకాలం లీజు బతికే ఉంటుంది, కొత్తగా నాలుగో వంతుకు లీజు ఇచ్చే అవకాశం రాదు. ఒకే కౌంటీలో పక్కపక్క సెక్షన్ల ధరలు రెండింతలు తేడా ఉండడానికి ఇదొక కారణం.

ఇప్పుడు రాయి దగ్గరకు రండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. అమ్మేవాడు వదిలేస్తాడు, కొనేవాడు మాత్రం వదలడు. వాడి ఆఫీసులో జియాలజిస్టు కూర్చుని ఉంటాడు.

దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ టెక్సస్ సముద్రం. మధ్యలో సెంట్రల్ బేసిన్ ప్లాట్‌ఫాం అనే గట్టు, దానికి తూర్పున మిడ్‌లాండ్ బేసిన్, పడమర డెలావేర్ బేసిన్. ఆ లోతైన నీళ్ల అడుగున ప్రాణవాయువు ఆడదు. అందుకని చచ్చిన పాచీ సూక్ష్మజీవులూ పూర్తిగా కుళ్లకుండానే మెత్తటి బురదలో కలిసిపోయాయి. వేసవిలో ఊరి చెరువు పూడిక తీసినప్పుడు అడుగు నుంచి నల్లగా, వాసనతో వచ్చే ఒండ్రును చూసే ఉంటారు, అలాంటిదే. దాని మీద ఇంకా బురద, ఇసుక, సున్నం పేరుకుంటూ పోయి, వేల అడుగుల లోతుకు దిగి ఆ బరువుకు రాయయింది. పూతరేకుల్లా పొరలు పొరలుగా విడిపోయే ఆ రాయే షేల్. మన కృష్ణా గోదావరి బేసిన్‌లోని రాఘవాపురం షేల్ పుట్టిన తీరూ ఇదే.

లోతుకు దిగేకొద్దీ రాయి వేడెక్కుతుంది. సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య అందులోని జీవపదార్థం ఉడికి చమురవుతుంది. ఇంకా ఉడికితే గ్యాస్ అవుతుంది. సరిపడా ఉడకకపోతే ఏమీ రాదు. అందుకే 'నా కింద షేల్ ఉంది' అంటే సరిపోదు, ఎంత లోతున ఉంది, ఎంత ఉడికింది అన్నది తెలియాలి. దక్షిణ టెక్సస్‌లోని ఈగిల్‌ఫోర్డ్ షేల్ దీనికి మంచి ఉదాహరణ. అదే రాయి వాయవ్యం వైపు తక్కువ లోతులో చమురు ఇస్తుంది, ఆగ్నేయం వైపు లోతుగా దిగి పొడి గ్యాస్ ఇస్తుంది, మధ్య పట్టీలో కండెన్సేట్ అనే తేలికపాటి ద్రవ ఇంధనం వస్తుంది. మీ ఎకరం ఏ పట్టీలో పడింది అన్న దాన్ని బట్టి ధర మారిపోతుంది. లూసియానా, తూర్పు టెక్సస్‌ల కింద ఉన్న హేన్స్‌విల్ 10,000 అడుగులు దాటి ఉండే గ్యాస్ రాయి. అక్కడ హక్కుల విలువ చమురు ధరతో కాదు, గ్యాస్ ధరతో లేచి పడుతుంది.

పాతకాలం బావులు షేల్‌ను వదిలేసేవి. షేల్‌లోంచి తప్పించుకుని పైన ఇసుకరాయిలో చేరిన చమురునే తీసేవాళ్లు. షేల్ రంధ్రాలు మరీ సన్నం, లోపల ఉన్నది బయటికి పారదు. జార్జ్ మిచెల్ కంపెనీ 1981లో వైజ్ కౌంటీలో బార్నెట్ షేల్‌లోకి బావి వేసి, లాభం లేకపోయినా ఏళ్ల తరబడి ప్రయత్నించింది. 1990ల చివర్లో చిక్కటి జెల్‌కు బదులు ఎక్కువ నీళ్లు, కొద్ది ఇసుకతో రాయిని పగలగొట్టే (దీన్నే ఫ్రాక్ చేయడం అంటారు) పద్ధతి కుదిరింది. తర్వాత బావిని అడ్డంగా తిప్పి మైళ్ల పొడవునా రాయిలోనే నడపడం దానికి తోడైంది. బాబాయి కొన్న రోజుల్లో ఆ హక్కులకు విలువ కట్టింది పాత నిలువు బావుల లెక్కలోనే. ఇప్పటి విలువ అడ్డ బావులది.

ఇక అసలు విషయం. మిడ్‌లాండ్ బేసిన్‌లో ఒకే నేల కింద పనికొచ్చే పొరలు చాలా ఉన్నాయి: మిడిల్ స్ప్రాబెరీ, జో మిల్, లోయర్ స్ప్రాబెరీ, వుల్ఫ్‌క్యాంప్ ఎ, దాని కింద బి, ఇంకా కింద డి. ఒక్కో పొరలో పక్కపక్కనే కొన్ని బావులు పడతాయి. కాబట్టి మీ సెక్షన్‌లో ఇప్పటికి రెండే బావులుంటే, మీరు అమ్ముతున్నది ఆ రెండు బావుల చెక్కులను మాత్రమే కాదు, ఇంకా తవ్వని పొరలన్నిటినీ కలిపి అమ్ముతున్నారు. ఫోర్ట్‌వర్త్ కింద ఉన్న బార్నెట్ సంగతి వేరు. అక్కడ ప్రధానంగా తవ్వేది ఆ ఒక్క పొరనే, మంచి చోట్లన్నీ 2000 దశకంలోనే తవ్వేశారు. టారెంట్, జాన్సన్, డెంటన్, వైజ్ కౌంటీల్లో వాటా ఉన్నవాళ్లు ఎక్కువగా ఇప్పుడు నడుస్తున్న బావుల రాబడి మీదే లెక్క వేసుకోవాలి. మిడ్‌లాండ్‌లో భవిష్యత్తును అమ్ముతారు, బార్నెట్‌లో ఎక్కువగా వర్తమానాన్ని అమ్ముతారు.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. తవ్వని పొర ప్రతిదీ డబ్బు కాదు. ముందు వేసిన బావి చుట్టూ రాయిలో ఒత్తిడి తగ్గిపోతుంది కాబట్టి, దాని పక్కనే ఏళ్ల తర్వాత వేసే బావి తరచు తక్కువ ఇస్తుంది. అమెరికా జియలాజికల్ సర్వే 2016లో మిడ్‌లాండ్ బేసిన్ వుల్ఫ్‌క్యాంప్‌లో 2,000 కోట్ల బ్యారెళ్లు తీయగలిగిన చమురు ఉందని అంచనా వేసింది. ఆ అంకె బేసిన్ అంతటికీ సంబంధించినది, మీ సెక్షన్ గురించి అది ఏమీ చెప్పదు.

మ్యాపు తెరిచి మీ సెక్షన్ కనుక్కోండి

టెక్సస్‌లో చమురు, గ్యాస్ వ్యవహారాలు చూసే సంస్థ పేరు రైల్‌రోడ్ కమిషన్. పేరు చూసి రైళ్లదనుకోకండి. దాని వెబ్‌సైట్‌లో మ్యాపు, డ్రిల్లింగ్ పర్మిట్లు, నెలనెలా ఉత్పత్తి లెక్కలు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. మీ డీడ్‌లో ఉన్న సెక్షన్, బ్లాక్, సర్వే పేరు, అబ్‌స్ట్రాక్ట్ నంబరు పక్కన పెట్టుకుని మ్యాపులో ఆ చదరం వెతకండి. ఒక సెక్షన్ సాధారణంగా 640 ఎకరాలు.

ఆ చదరం గుండా వెళ్లే పొడవాటి గీతలే అడ్డ బావులు. వాటిని లెక్కపెట్టండి. పర్మిట్ వచ్చి ఇంకా తవ్వనివి, తవ్వి ఇంకా ఫ్రాక్ చేయనివి విడిగా రాసుకోండి. పక్క సెక్షన్లలో ఏం జరుగుతోందో కూడా చూడండి, ఎందుకంటే రిగ్గు సాధారణంగా చుట్టుపక్కల వరసగా కదులుతుంది. నేను ఇక్కడ మొదట పొరపడ్డాను. రికార్డుల్లో అన్ని బావులకీ ఫీల్డ్ పేరు 'స్ప్రాబెరీ ట్రెండ్ ఏరియా' అనే ఉంది, అన్నీ ఒకే పొరలో ఉన్నాయనుకున్నాను. మిడ్‌లాండ్ బేసిన్‌లో వుల్ఫ్‌క్యాంప్ బావులు కూడా ఆ పేరు కిందకే వస్తాయి. పొర తెలియాలంటే బావి నిలువు లోతు చూడాలి. చాలా కంపెనీలు బావి పేరు చివర అక్షరాల్లోనే పొరను సూచిస్తాయి, లోయర్ స్ప్రాబెరీకి ఎల్ఎస్, వుల్ఫ్‌క్యాంప్ ఎ కి డబ్ల్యూఎ అన్నట్టు. అలా విడదీసి చూశాక పిన్ని సెక్షన్లలో ఒకదానిలో వుల్ఫ్‌క్యాంప్ బి ని ఎవరూ ముట్టుకోలేదని, కొత్తగా నాలుగు పర్మిట్లు వచ్చి ఉన్నాయని బయటపడింది. ఆ కవరు ఆ నెలలోనే ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది.

పెన్సిల్వేనియాలో మార్సెలస్ షేల్ మీద వాటా ఉన్నవాళ్లకు అక్కడి పర్యావరణ శాఖ సైటులో ఇలాంటి సమాచారమే దొరుకుతుంది.

లెక్క

కొనేవాళ్లు మాట్లాడేది రెండు రకాల ఎకరాల్లో. నెట్ మినరల్ ఎకరం అంటే మీ వాటాకు వచ్చే అసలు ఎకరాలు. 640 ఎకరాల్లో ముప్పై రెండో వంతు ఉంటే 20. నెట్ రాయల్టీ ఎకరం అంటే, దాన్ని ఎనిమిదో వంతు రాయల్టీ కొలతకు మార్చి చెప్పడం. అదే 20 ఎకరాలు నాలుగో వంతు రాయల్టీ మీద లీజులో ఉంటే 40 నెట్ రాయల్టీ ఎకరాలు. ఒకరు ఒక కొలతలో, ఇంకొకరు రెండో కొలతలో ధర చెప్తే పోల్చలేరు. ముందు 'ఏ ఎకరం?' అని అడగండి.

చెక్కు లెక్క ఇలా ఉంటుంది. బావి యూనిట్, అంటే ఆ బావి రాబడిని పంచుకునే నేల, 1,280 ఎకరాలు అనుకుందాం. 20ని 1,280తో భాగించి, 0.25తో గుణిస్తే 0.00390625. ఎవరికెంత వాటానో చెబుతూ కంపెనీ పంపే డివిజన్ ఆర్డర్‌లో మీ పేరు ఎదురుగా ఉండే దశాంశం ఇదే. ఆ బావి మొదటి నెలల్లో నెలకు 20,000 బ్యారెళ్లు ఇచ్చి, ధర 70 డాలర్లు ఉంటే మీ వాటా సుమారు 5,469 డాలర్లు. అందులోంచి టెక్సస్ ప్రభుత్వం చమురు మీద 4.6 శాతం, గ్యాస్ మీద 7.5 శాతం ఉత్పత్తి పన్ను తీసుకుంటుంది. గ్యాస్ మీద రవాణా, శుద్ధి ఖర్చులు కూడా చాలా లీజుల్లో కోస్తారు.

ఈ 5,469ని పన్నెండుతో గుణించి ఏటా ఇంతొస్తుందనుకోకండి. షేల్ బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోవడం మామూలు. ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ చాలా ఏళ్లు నడుస్తుంది. అందుకే కొత్త బావి చెక్కులు చూసి 'ఇన్ని నెలల రాబడి' అని ధర కడితే అది మీకు ఎక్కువగా, కొనేవాడికి నష్టంగా ఉంటుంది. పాత బావి చెక్కులు మాత్రమే చూసి కడితే, తవ్వబోయే బావులు వాడికి ఉచితంగా పోతాయి. పిన్నికి వచ్చిన ఉత్తరం ఈ రెండో దారిలో లెక్కవేసింది. వాటా పెద్దదైతే పెట్రోలియం ఇంజినీరుతో విలువ కట్టించండి. ఆ ఖర్చు దండగ కాదు.

ధర అడిగే పద్ధతి

మీరు ముందు అంకె చెప్పకండి. కనీసం నలుగురి దగ్గర రాతపూర్వకంగా ఆఫర్లు తీసుకోండి. ఒకరి ఆఫర్ వచ్చిందని రెండోవాళ్లకు చెప్పడంలో తప్పు లేదు. 'రేపటితో ఆఫర్ అయిపోతుంది' అంటే అవ్వనివ్వండి. వాటా పెద్దదైతే బ్రోకరు ద్వారానో ఆన్‌లైన్ వేలంలోనో పెట్టొచ్చు, కమీషన్ ఎంతో ముందే రాయించుకోండి.

సమయం కూడా చూడండి. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర మైనస్ 37.63 డాలర్లకు పడింది. ఆ రోజుల్లో అమ్ముకున్నవాళ్ల బాధ చెప్పనక్కర్లేదు. పశ్చిమ టెక్సస్ గ్యాస్ ధర 2024లో చాలా రోజులు సున్నా కంటే కిందే ఉంది, పైపులైన్లలో చోటు లేక. గ్యాస్ చెక్కులు చూసి నీరసపడి అమ్మేయాలనిపిస్తే ఇది గుర్తు తెచ్చుకోండి.

అయితే అసలు అమ్మకూడదని నేను చెప్పడం లేదు. నాలుగు కౌంటీల్లో చెదిరిపోయిన చిన్న చిన్న వాటాలు పిల్లల తరానికి ఇంకా చీలిపోతాయి. మన ఊళ్లో తాతల పొలం పదహారు మంది పేర్ల మీదకు వెళ్లి ఎవరూ అమ్మలేక, దున్నలేక మిగిలిపోవడం చూసినవాళ్లమే. వైద్య ఖర్చులున్నా, ఇల్లు కొనాలన్నా అమ్మడం సరైన నిర్ణయమే. అన్నీ ఒకేసారి అమ్మాలని మాత్రం లేదు. పిన్ని చిన్న ముక్కలన్నీ అమ్మేసి, ఆ నాలుగు పర్మిట్లున్న సెక్షన్‌లో సగం ఉంచుకుంది.

డీడ్‌లో ఒక్కో మాటా చదవండి

మొదటి కవరులోని డీడ్‌లో పైన ఒక సెక్షన్ వివరం రాసి, కింద చిన్న అక్షరాల్లో 'ఈ కౌంటీలో అమ్మకందారుకు ఉన్న సమస్త హక్కులు కూడా' అని చేర్చారు. ఒక సెక్షన్ ధరకు అన్నీ పోయేవి. అలాంటి వాక్యం కనిపిస్తే కొట్టేయించండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. మినరల్స్ కొంటామంటూ డీడ్, డ్రాఫ్టు కలిపి పోస్టులో పంపేవాళ్లు, సంతకం పెడితే మీరు హక్కులు అమ్ముతున్నట్టేనని పెద్ద అక్షరాల్లో రాసి తీరాలని టెక్సస్ చట్టంలో ఉంది. ఆ అక్షరాల కోసం వెతకండి.

జనరల్ వారంటీ బదులు స్పెషల్ వారంటీ అడగండి. మీకు ముందటివాళ్ల తప్పులకు మీరు బాధ్యులు కాకుండా ఉంటారు. ఎఫెక్టివ్ డేట్ ఎప్పటి నుంచో చూడండి, ఆ తేదీ తర్వాతి ఉత్పత్తి డబ్బంతా కొన్నవాడిదే. కంపెనీ దగ్గర టైటిల్ (ఎవరి హక్కో) తేలక ఆగిపోయిన పాత డబ్బు ఎవరికి చెందుతుందో విడిగా రాయించండి. ఇది చాలామంది మర్చిపోతారు, ఒక్కోసారి ఏళ్ల రాయల్టీ అక్కడ కూర్చుని ఉంటుంది.

డ్రాఫ్టు తీసుకుని డీడ్ ఇవ్వకండి. డ్రాఫ్టు అంటే కొనేవాడు రోజుల తరబడి టైటిల్ చూసుకుని, నచ్చితే డబ్బు కట్టే కాగితం, చెక్కు కాదు. టైటిల్ కంపెనీ ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో, డబ్బు వేయించి, వైర్ వచ్చాకే డీడ్ విడుదల చేయించండి. వైర్ వివరాలు ఈమెయిల్‌లో మార్చామంటే నమ్మకుండా ఫోన్ చేసి కనుక్కోండి. చివరి రోజుల్లో 'టైటిల్‌లో మీ ఎకరాలు తగ్గాయి' అంటే ఆధారం చూపించమనండి.

పన్ను, ఇండియా వ్యవహారం

రాయల్టీ మామూలు ఆదాయంగా లెక్కకొస్తుంది, అందులో 15 శాతం డిప్లీషన్ (కింది నిల్వ తరిగిపోతున్నందుకు ఇచ్చే) మినహాయింపు సాధారణంగా దొరుకుతుంది. ఏడాది కంటే ఎక్కువ ఉంచుకుని అమ్మితే సాధారణంగా లాంగ్ టర్మ్ క్యాపిటల్ గెయిన్స్ కిందకు వస్తుంది. వారసత్వంగా వచ్చినదైతే చనిపోయిన రోజు మార్కెట్ విలువే మీ కొనుగోలు ధరగా లెక్క. టెక్సస్‌లో భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి అయితే ఒకరు పోయినప్పుడు రెండు సగాలకూ ఆ వెసులుబాటు ఉంటుంది. ఆ రోజు విలువకు ఇంజినీరు రిపోర్టు తీసి పెట్టుకోండి. పిన్నికి దీనివల్ల కట్టాల్సిన పన్ను బాగా తగ్గింది.

తిరిగి హైదరాబాదో విజయవాడో వచ్చేసి, అమెరికా పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్ అయినవాళ్లకు ఇంకో మెలిక ఉంది. మినరల్స్ కూడా స్థిరాస్తే కాబట్టి, కొనేవాడు సాధారణంగా మొత్తం ధరలో 15 శాతం పట్టుకుని అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు కట్టాలి. అసలు పన్ను అంతకంటే తక్కువ అవుతుందనుకుంటే, అమ్మకం పూర్తయ్యేలోపే విత్‌హోల్డింగ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. దానికి ఐటిన్ (అమెరికా పన్ను గుర్తింపు నంబరు) కావాలి, అందుకు నెలలు పట్టొచ్చు, ముందే మొదలుపెట్టండి. ఇండియాలో రెసిడెంట్ అయితే ఇక్కడి రిటర్న్‌లోనూ చూపించాలి. రెండు దేశాల లెక్కా తెలిసిన సీఏను పట్టుకోండి. సంతకానికి అమెరికా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ అమెరికా కాన్సులేట్‌లో నోటరీ సేవ ఉంది.

డబ్బు పడ్డాక కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డయిన డీడ్ నకలు తెప్పించుకుని, సెక్షన్ నంబరు, బ్లాక్, మీరు ఉంచుకున్న వాటా ఎంతో మరోసారి సరిచూడండి. మీరు అమ్మినదాని మీద ఆస్తి పన్ను బిల్లు మీ పేరునే వస్తే ఆస్తుల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఆ నకలు పంపండి. ఆ ఏడాది జనవరి 1న అది మీ పేరునే ఉండి ఉంటే ఆ బిల్లు ఎవరు కట్టాలన్నది అమ్మకం ఒప్పందంలో ముందే రాసుకుని ఉండాలి.